గిల్లని పదకొండు రోజులు

తొమ్మిది కాకముందే గౌరీశు నూట అరవై బిగుపులు చూసేశాడు. అద్దం మీద ఒక గీత వస్తుంది. కాసేపు చదునుగా పారి, ఉన్నట్టుండి నిటారుగా లేచి, నిమిషమో రెండు నిమిషాలో పైనే వణికి, మెల్లగా దిగుతుంది. ఎవరిదో పిక్క పట్టేసిందన్నమాట. గీత కింద గణకం తన అభిప్రాయం ముందే రాసి ఉంచుతుంది. యాభై లోపు వాళ్ళయితే 'శ్రమ', దాటినవాళ్ళయితే 'వయసు'. సరేనని వేలు ఆనించడమే గౌరీశు పని. శ్రమ, శ్రమ, వయసు, శ్రమ. తొమ్మిదేళ్ళుగా ఏడో వార్డు పిక్కలన్నిటికీ అతను ఇదే జాతకం చెబుతున్నాడు. ఒక్కరూ వచ్చి తప్పని అనలేదు కనక తన హస్తవాసి మంచిదనే నమ్మకం కూడా ఉంది.

సముద్రం ఊళ్ళోకి వచ్చాక తాగే నీళ్ళలోనూ ఉప్పు చేరింది. నీళ్ళలో ఉప్పుతోపాటు జనం రక్తపోటూ పెరిగింది. ముప్పై అయిదు దాటిన ప్రతివాళ్ళ మోకాలి కిందా అప్పుడే బిగుపులను గీతలుగా కచేరీకి పంపే పిక్కపట్టీ వచ్చింది, పొద్దున్నే నోట్లోకి వేరుబిళ్ళ వచ్చింది. కొండమీది మెట్టశాలలో, మట్టి లేని గాలిమళ్ళలో వేలాడుతూ పెరిగే నెమ్మదివేరు నుంచి తీసిన బిళ్ళ అది. అది వచ్చాక వార్డులో పక్షవాతం అన్న మాట వినపడటం తగ్గింది. అందుకే పిక్కలు పీకుతున్నాయని ఎవరైనా గొణిగితే ఇంట్లో పెద్దవాళ్ళే కసురుకునేవారు. ప్రాణం నిలబెట్టిన మందును పట్టుకుని పిక్క గురించి ఫిర్యాదు చేయడమేమిటని వాళ్ళ బాధ.

నూట అరవై ఒకటో గీతకు చుట్టూ ఎర్రంచు ఉంది. కురమాన నూకరత్నం, నలభై తొమ్మిదేళ్ళు, కడలిగోడ తాడు పని, అంటే తాడుకు వేలాడుతూ గోడ మరమ్మతు చేయడం. తాడు మీద ఉండగా వచ్చిన మూడో బిగుపు. గణకం 'శ్రమ' అని రాసింది. మూడోసారి శ్రమ పడితే గోడ దిగడానికి ఇచ్చే తాడు చీటీ రద్దవుతుంది. గడువు సాయంత్రం అయిదు.

గౌరీశు వేలు ఆనించబోతుండగా తలుపు దగ్గర ఎవరో దగ్గారు.

"నానే బాబూ, నూకరత్నాన్ని," అంది ఆమె. భుజాలు వెడల్పుగా, అరచేతులు చెక్కపలకల్లా ఉన్న మనిషి. బిగుపుల గదికి గీతలు వస్తాయి కానీ మనుషులు రారు. గౌరీశు కంగారుపడి లేచి తన కుర్చీనే జరిపాడు.

"కూర్చో అప్పా."

"కూకోడానికి రానేదు. నా సీటీ కోసేత్తారని సెప్పీసినారు. ఆరు నిమసాలు గోడకి ఏలాడిపోనాను బాబూ. కాలు నాది కాదనిపించీసింది. కింద రాళ్ళు. పైనున్నోల్లు లాగబట్టి బతికినాను."

"మరి బిళ్ళ మానేసి చూశావా?"

"మానీసినాను ఒకపాలి. నాలుగో రోజుకి ముక్కమ్మట రగతం ఒచ్చీసింది. బిళ్ళ మంచిదే బాబూ, దాన్నేటీ అన్ను. నాకు తాడు గావాల. ఇరవయ్యారేళ్ళు గోడమీదే ఉన్నాను. ఇప్పుడు నన్ను నేలమీద ఒగ్గీసి ఏటి సెయ్యమంతారు?"

ఆమె నడుముకు చుట్టుకున్న సన్నని నూలుతాడు విప్పి బల్లమీద పెట్టింది. తాడంతా ముడులే. గోడ దిగినరోజు దిగినట్టు ఒక ముడి వేసుకోవడం తాడు పనివాళ్ళ అలవాటు. ముడి వేసుకున్నారంటే ఆ రోజు క్షేమంగా ఇంటికి చేరినట్టు లెక్క. నూకరత్నం తాడులో కొన్ని ముడుల పక్కనే ఆనుకుని మరో చిన్న ముడి ఉంది.

"రెండేసినవి పట్టీసిన రోజులు, ఇంటికాడ పట్టినా ఏస్తాను," అంది. "ఇదిగో, ఇక్కడ సూడు."

తాడు మధ్యలో ఒకచోట జానెడు మేర అన్నీ ఒంటి ముడులే. గౌరీశు వేలితో తడుముతూ లెక్కపెట్టాడు. ఇరవై రెండు.

"అప్పుడేం చేశావు?"

"ఏటీ సెయ్యనేదు. అదే గోడ, అదే తాడు, అదే బిళ్ళ. ఎందుకు పట్టనేదో నాకూ తెల్దు. నివ్వు సదువుకున్నోడివి కదా, సెప్తావేటో అనొచ్చినాను."

తాడు అక్కడే వదిలేసి ఆమె వెళ్ళిపోయింది. మిగిలిన యాభై ఎనిమిది గీతలూ అద్దం మీద వరస కట్టి ఉన్నాయి. గౌరీశుకు వాటి మీదకు మనసు పోలేదు. చిన్నప్పుడు గడియారం విప్పి మళ్ళీ బిగించలేక తిట్లు తిన్న మనిషి అతను. ఆ బుద్ధి తొమ్మిదేళ్ళు ఈ కుర్చీలో కునుకు తీసి, ఇప్పుడు కళ్ళు నులుముకుని లేచింది.

అతను తాడును బల్లంచున చాచి, ఆమె గోడ దిగిన రోజుల జాబితా పక్కన పెట్టుకుని, చివరి ముడి నుంచి వెనక్కి ముడి ముడికీ తేదీ వేసుకుంటూ వెళ్ళాడు. ఒంటి ముడుల ఇరవై రెండు రోజులూ వర్షాలు వెనకబట్టిన కాలంలో పడ్డాయి. ఆ రోజుల్లో ఏడో వార్డుకు ఏ బిళ్ళలు వచ్చాయని అడిగితే గణకం టక్కున చెప్పింది. పన్నెండో మెట్ట, అరవై మూడో తడవ కోత. సరిగ్గా ఇరవై రెండు రోజులకు సరిపడా బిళ్ళలు. ముందు రోజు అరవై రెండో తడవ, తరవాతి రోజు అరవై నాలుగో తడవ. ఆ రెండింట్లోనూ జంట ముడులే.

గౌరీశు అక్కడితో ఆగలేదు. వార్డు మొత్తం బిగుపులు ఆ రోజుల్లో ఎన్నో తీసి చూశాడు. మామూలుగా రోజుకు రెండు వందలు దాటేవి ఆ ఇరవై రెండు రోజుల్లో ముప్పై, ఇరవై ఎనిమిది, ముప్పై ఒకటి. ఇన్ని తగ్గినా ఎవరూ ఎందుకు చూడలేదు? గణకం పక్కనే రాసి ఉంచింది: 'వానల వల్ల శ్రమ తక్కువ.' కింద గౌరీశు వేలిగుర్తు ఉంది.

అరవై మూడో తడవలో ఏం తేడా ఉందో వెతికాడు. నీటి పొగ అంతే, వెలుతురు అంతే, మందు పదును అంతే. మొగ్గ గిల్లుడు నూటికి నూరు. ఒక్కటి మాత్రం తక్కువ. వేరు బరువు ఎనిమిదో వంతు తగ్గింది. పక్కన 'తెగులు కావచ్చు' అని ఉంది, అంతే.

ఇంకో గీత కూడా చూడాలనిపించింది. చూడకుండా ఉంటే బాగుండునని కూడా అనిపించింది. తన పట్టీదే తీశాడు. నలభై ఏడేళ్ళు, కుర్చీ పని. బిగుపులు సున్నా. అయితే గీతకు మధ్య మధ్య పది నిమిషాల ఖాళీలు ఉన్నాయి. స్నానానికి పట్టీ విప్పినప్పుడు వచ్చే ఖాళీలు అవి. గౌరీశు కొన్ని రోజులు రెండుసార్లు, కొన్ని రోజులు మూడుసార్లు స్నానం చేసినట్టు కనిపిస్తోంది. సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో, కచేరీలోనే. ఏ కచేరీలో ఎవరు స్నానం చేస్తారు? ఈ సంగతి ఇన్నేళ్ళలో గణకానికి తట్టకపోవడం అతని అదృష్టం.

నిజమేమిటంటే అతనికీ పట్టేస్తుంది. పట్టే ముందు ఓ నిమిషం పాటు పిక్కలో చీమలు పాకినట్టుంటుంది. ఆ నిమిషంలో వంగి పట్టీ విప్పేసి, పళ్ళు బిగబట్టి ఓర్చుకుని, తగ్గాక మళ్ళీ పెట్టుకుంటాడు. కుర్చీ పనివాడికి, అందులోనూ యాభై లోపు వాడికి బిగుపు వస్తే గణకానికి ఏ గడీ దొరకదు. గడి దొరకనివాళ్ళను పరిశీలనకు పంపుతారు. అలా వెళ్ళినవాళ్ళు మళ్ళీ అదే కుర్చీలో కూర్చోవడం అతను చూడలేదు. కచేరీలో నాలుగున్నరకు చాలామంది వంగి చెప్పులు సరిచేసుకుంటూ ఉంటారు. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు.

ఆ ఇరవై రెండు రోజుల్లో అతని గీతకు ఒక్క ఖాళీ కూడా లేదు.

పదకొండున్నరకు పై అధికారి మృణాళినికి ఫోన్ చేశాడు. ఆమె చెడ్డ మనిషి కాదు, తొందర మనిషి.

"మేడం, మూడో గడి తెరవాలంటే ఏం కావాలి?"

"ఇతర కారణమా? ఇంతవరకూ ఎవరూ అందులో ఏమీ రాయలేదండీ. శ్రమా లేని, వయసూ లేని మనిషికి బిగుపు పట్టీలో పడాలి. ఆ సాక్షి ఉంటే కారణం రాయొచ్చు. రాశాక ఆధారం కూడా చూపించాలి. చూపిస్తే అదే కారణమున్న నిర్ణయాలన్నీ ఆగుతాయి. ఎవరైనా ఉన్నారా?"

"వెతుకుతున్నాను."

"అయిదు లోపల వెతకండి. దాటితే గణకం తనే వేసేస్తుంది."

గీతలు చూపే పాఠకపలక సంచిలో పడేసుకుని గౌరీశు తీగబండిలో కొండెక్కాడు. పన్నెండో మెట్టకు చేరేసరికి రెండున్నర దాటింది. పొడుగాటి గాజుకప్పు కింద మళ్ళు వరసలుగా ఉన్నాయి. పైన ఆకులు, కింద గాల్లో వేలాడే వేర్లు, వాటి మీద ఎప్పుడూ పడే నీటి పొగ. ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్ళు వరసల మధ్య నడుస్తూ మొగ్గలు గిల్లుతున్నారు. ఈ పనికి యంత్రాలు పెట్టి చూశారు కానీ అవి మొగ్గతోపాటు కొమ్మనూ విరిచేశాయి. అందుకని బొటనవేలి గోరే మిగిలింది. గిల్లి గిల్లి వాళ్ళ గోళ్ళన్నీ నల్లగా అయిపోయాయి. పూత పోతే సత్తువంతా వేరుకు దిగుతుందని, వేరు బరువెక్కుతుందని ఈ గిల్లుడు పెట్టారు. ఒక మడి పూర్తవగానే స్తంభానికున్న గిల్లుగంట నొక్కుతారు, లెక్క గణకానికి చేరుతుంది.

వాళ్ళందరికీ పెద్ద, చిలకమ్మ. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, బక్కపలచగా ఉంటుంది, కళ్ళు మాత్రం చురుకు. గౌరీశు ఆమెకు ముడుల తాడు చూపించి మొత్తం కథ చెప్పాడు. ఆమె గిల్లడం ఆపకుండానే వింది.

"అరవై మూడో తడవ వేర్లు మీ మళ్ళలోవే పిన్నీ. అప్పుడు ఇక్కడ ఏమైనా జరిగిందా? తెగులు పట్టిందా?"

"తెగులేటి, నేదు."

"మరి వేరు బరువు ఎందుకు తగ్గింది?"

చిలకమ్మ చెయ్యి మొగ్గ మీద ఆగింది. పక్క వరసలో ఉన్నవాళ్ళ చేతులూ ఆగాయి.   

"మేమందరం గేదెలోలం బాబూ," అంది చిలకమ్మ చివరికి. "ఊరు మునిగిపోనాక ఊరికి ఊరునీ తెచ్చి ఇక్కడెట్టినారు. ముప్పై ఎనిమిది మందిమీ ఒక్క ఇంటిపేరోల్ల కోడళ్ళమే. ఆల్లకది సులువనిపించింది. ఆనల్లో మా పెద్దాయన సన్నాసి మావ సచ్చిపోనాడు. ఒకడు పోతే అందరికీ మైలే కదా. మైల పదకొండ్రోజులూ పువ్వు ముట్టుకోరాదు. మొగ్గయినా పువ్వే."

"సెలవు పెట్టలేదా?"

"సొంత ఇంట్లో పోతే మూడ్రోజులిత్తారు. తాత వరస మావకి పదకొండ్రోజులు ఎవుడిత్తాడు? ఒచ్చీవోలం, వరసలమ్మట తిరిగీవోలం, గంట నొక్కీసీవోలం. గిల్లనేదు. తెల్లగా పూసీసింది బాబూ మెట్టంతా. కాయ కూడా కట్టీసింది. పన్నెండో రోజు తానాలు సేసొచ్చి సూత్తే, కోతోల్లు అప్పటికే వేర్లు తీస్తన్నారు."

గౌరీశు అక్కడే ఉన్న పీట మీద కూలబడ్డాడు. అంత తేలిక సంగతి! కాయకట్టుకు పోవాల్సినదేదో, పువ్వు లేక దారి దొరక్క వేరులోకి దిగుతోంది. రక్తపోటు తగ్గించే గుణం వేరుకు ఎలాగూ ఉంది, పిక్క పట్టించే గుణం గిల్లడం వల్ల వచ్చింది. ఒక ముసలాయన చావుకు ముప్పై ఎనిమిది మంది పట్టిన మైల, ఏ పరిశోధనశాలా చేయని పరీక్ష చేసి పెట్టింది. నవ్వొచ్చింది, ఆనందమూ వేసింది. ఆ వెంటనే భయం వేసింది. గణకంలో అంతా నూటికి నూరు గిల్లినట్టే ఉంది మరి.

"పిన్నీ, ఆ లెక్క మార్చాలి. మీరు గిల్లలేదని మీరే చెప్పాలి. మీ చేతులతో నొక్కిన గంట కనక మీ పేర్లు పడతాయి."

"పడితే?"

"ఏమంటారో నాకు తెలీదు. మెట్ట నుంచి పంపేయొచ్చు. కానీ మీరు చెప్పకపోతే నూకరత్నం తాడు అయిదింటికి పోతుంది."

చిలకమ్మ అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"బండి దిగి ఒచ్చినప్పుడే సూసినాను. ఎడం కాలు ఈడుత్తన్నావు. నీకూ పట్టేత్తాది కదా?"

గౌరీశు ఎడం కాలు వెనక్కి లాక్కున్నాడు.

"నివ్వు కడుపులో దాచుకుని, మమ్మల్ని సెప్పమంతన్నావు," అంది ఆమె. కోపంగా అనలేదు. "ముందు నీది రాసుకో బాబూ. నీది పడినాక మాది నాను సెప్తాను. గేదెలోల్ల మాట."

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. శ్రమా వయసూ లేని సాక్షి కోసం తను పొద్దున్నుంచీ వెతుకుతున్నట్టు నటిస్తున్నాడు. ఆ సాక్షి తన చెప్పుల్లోనే నిలబడి ఉన్నాడని పదకొండున్నరకే తెలుసు.

"అయితే పట్టాలి కదా," అన్నాడు నీరసంగా. "పట్టీలో పడితేనే లెక్క. విప్పేసినవి లెక్కలోకి రావు."

"ఎప్పుడు పట్టేత్తాది?"

"నాలుగున్నరకి."

పాఠకపలక మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగున్నర అయింది. పిక్క హాయిగా ఉంది. నాలుగు నలభై అయింది. జీవితంలో ఏ రోజూ అంత హాయిగా లేదు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరి, పురిటి గది బయట నిలబడినట్టు నిలబడ్డారు.

"మడమలెత్తి నించో," అంది ఒకామె.

"గొంతుక్కూకుని లెగు బాబూ, టక్కున పట్టీదా," అంది ఇంకొకామె.

"అమ్మో వద్దు. శ్రమ కింద రాసేస్తుంది."

అందరూ నవ్వారు. గౌరీశు కూడా నవ్వాడు. ఏళ్ళ తరబడి వచ్చిపడి చంపుకు తిన్న నొప్పి, రమ్మని పిలిస్తే బెట్టు చేస్తోంది. నాలుగు నలభై ఎనిమిది. నూకరత్నం ఈపాటికి గోడ కింద చీటీల గది దగ్గర కూర్చుని ఉంటుంది. ఆమె అరచేతులు గుర్తొచ్చి అతను పలక మీద గడియారం మళ్ళీ చూశాడు. పిక్క మాత్రం పట్టలేదు.

నాలుగు యాభై రెండుకు చీమలు పాకాయి.

చెయ్యి దానంతటదే కిందికి వెళ్ళింది. వేళ్ళు పట్టీ కొక్కెం మీద పడ్డాయి కూడా. ఇంకో క్షణంలో విప్పేసేవాడే. తొమ్మిదేళ్ళ అలవాటు. అతను ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని పీట అంచుకు అదిమి ఉంచాడు. పిక్క రాయిలా గట్టిపడి పైకి లాగేసింది. కళ్ళ ముందు మెరుపులు మెరిశాయి. "అమ్మా" అని గట్టిగానే అరిచాడు. ఇన్నేళ్ళలో అరవడం అదే మొదటిసారి, ఒక విధంగా సుఖంగానే అనిపించింది. చిలకమ్మ ఆ కాలు చాపి, పాదం పట్టుకుని వెనక్కి వంచి ఉంచింది.

పలక మీద గీత చదునుగా పారి నిటారుగా లేచింది. కింద 'శ్రమ' అని వచ్చి ఆరిపోయింది. 'వయసు' అని వచ్చి అదీ ఆరిపోయింది. తరవాత అతను ఎన్నడూ చూడని మూడో గడి తెరుచుకుంది. గౌరీశు వేలితో 'మందు' అని రాశాడు. ఎక్కడి మందు అన్నచోట పన్నెండో మెట్ట, గిల్లిన వేరు అని రాశాడు. ఆధారం అన్నచోట ఆగి చిలకమ్మ వైపు చూశాడు.

ఆమె అప్పటికే స్తంభం దగ్గరుంది. గంట కింద, లెక్క దిద్దుకోవడానికి పెట్టిన చిన్న మీట ఒకటి ఉంది. దుమ్ము పట్టిపోయిన ఆ మీటను నల్లటి బొటనవేలితో పదకొండుసార్లు నొక్కింది. "గేదెల చిలకమ్మ. గిల్లనేదు," అని స్తంభానికి వినపడేలా చెప్పింది. ఆమె పక్కకు తప్పుకోగానే ఇంకొకామె వచ్చి తన స్తంభం దగ్గర నిలబడింది. ఆ తరవాత వరసలన్నిట్లోంచీ మీటల చప్పుడు వినిపించింది.

పలక మీద అక్షరాలు పరుగులు తీశాయి. కురమాన నూకరత్నం, నిర్ణయం ఆగింది, తాడు చీటీ చెల్లుతుంది. దాని కింద నిన్నటివి, మొన్నటివి, పోయినేడాదివి, గౌరీశు వేలు ఆనించిన శ్రమలూ వయసులూ ఒక్కొక్కటే తలుపులు తెరుచుకుంటున్నాయి. ఆ వరస మధ్యలో ఎక్కడో, గీతల పాఠకుడు గౌరీశు రేపటి నుంచి పరిశీలనకు హాజరు కావాలని కూడా వచ్చింది. చదివి తల ఊపాడు. ఊహించిందే. పిక్క మెల్లగా వదులవుతోంది.

అయిదు గంట మోగింది. రేపటి మొగ్గల లెక్క ఆ వేళకు స్తంభాల మీద పడాలి. ఎక్కడా ఏ లెక్కా పడలేదు. దానికి బదులు, తొమ్మిదేళ్ళుగా అన్నిటికీ జవాబు ముందే రాసి ఉంచిన గణకం మొట్టమొదటిసారి ఒక ప్రశ్న అడిగింది.

'రేపు గిల్లాలా?'

ముప్పై ఎనిమిది మందీ గౌరీశు వైపు చూశారు. గౌరీశు చిలకమ్మ వైపు చూశాడు. ఆమె వంగి, దగ్గరున్న మొగ్గను నల్లటి గోటికి ఆనించి, కాసేపు అలాగే ఉంచి, వదిలేసింది.

"పూయనీ," అంది.